పాత డిస్క్ తీసేశాక బూట్ అవ్వట్లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇది చదవండి

మీరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పాత హార్డ్‌డిస్క్ ఉన్న సిస్టమ్‌లోనే కొత్తగా ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (మదర్‌బోర్డు మీదే నేరుగా పెట్టే వేగమైన డిస్క్) పెట్టారు, పెన్‌డ్రైవ్‌తో దాని మీద విండోస్ ఫ్రెష్‌గా వేశారు, రెండు నెలలు ఏ గొడవా లేకుండా నడిచింది, మొన్న పాత డిస్క్ బాగా సౌండ్ చేస్తోందని ఊడదీసి పక్కన పెట్టారు, అప్పట్నుంచి ఆన్ చేస్తే బూట్ అవ్వడానికి డివైస్ లేదని నల్ల స్క్రీన్ మీద ఒక లైన్ వచ్చి ఆగిపోతోంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో, చూస్తే ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోంది. విండోస్‌లో ఉండే స్టార్టప్ రిపేర్ టూల్ రెండుసార్లు నడిపినా లాభం లేదు. ఎస్ఎస్‌డీ పోయింది, ఫార్మాట్ కొట్టి మళ్ళీ వేస్కో అని ఎవరో చెప్పారు, అందులో మీ పని ఫైళ్ళు ఉన్నాయి, భయంగా ఉంది.

భయపడకండి, ఫార్మాట్ మాత్రం అస్సలు కొట్టకండి. మీ ఎస్ఎస్‌డీ బానే ఉంది, విండోస్ కూడా దాని మీద చెక్కుచెదరకుండా ఉంది. లేనిదల్లా విండోస్‌ని లేపే చిన్న ముక్క, అది ఇన్నాళ్ళూ మీకు తెలియకుండా పాత డిస్క్ మీదే ఉంది. పాత డిస్క్ ఊడదీసినప్పుడు దాంతో పాటే అదీ వెళ్ళిపోయింది.

ఎలా జరిగిందంటే, ఇప్పటి సిస్టమ్స్‌లో యూఈఎఫ్ఐ అనే ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్, ఉంటుంది, మనం అలవాటు కొద్దీ ఇంకా బయోస్ అంటున్నాం కానీ. అది నేరుగా విండోస్‌ని లేపదు, డిస్క్ మీద ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉండే చిన్న పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) ఒకటి వెతుకుతుంది, దాని పేరు ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్, మామూలుగా విండోస్ దాన్ని 100 ఎంబీతో చేస్తుంది. దాంట్లో బూట్ మేనేజర్ ఫైలు, దాని పక్కనే బీసీడీ అనే చిన్న పుస్తకం లాంటిది ఉంటాయి, ఆ పుస్తకంలో విండోస్ ఏ డిస్క్‌లో ఏ పార్టిషన్‌లో ఉందో రాసి ఉంటుంది. ఇప్పుడు మీరు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాత డిస్క్ కూడా తగిలించే ఉంచారు కదా, విండోస్ సెటప్‌కి ఆ డిస్క్ మీద ఆల్రెడీ ఒక ఈఎఫ్ఐ పార్టిషన్ కనిపిస్తే చాలాసార్లు కొత్తది చెయ్యదు, బూట్ ఫైళ్ళు తీసుకెళ్ళి అందులోనే పడేస్తుంది, విండోస్ ఫోల్డర్ మాత్రం మీరు చూపించిన కొత్త డిస్క్ మీద వేస్తుంది. రెండు డిస్కులూ ఉన్నంతకాలం ఎవరికీ తేడా తెలియదు. అందుకే నేను అడిగిన ప్రతివాళ్ళకీ చెప్తా, విండోస్ వేసేటప్పుడు వెయ్యాల్సిన డిస్క్ ఒక్కటే ఉంచండి, మిగతావన్నీ కేబుల్ పీకేయండి, రెండు నిమిషాల పని.

స్టార్టప్ రిపేర్ ఎందుకు ఓడిపోయిందో కూడా ఇప్పుడు అర్థమైపోతుంది, రిపేర్ చేసి ఫైళ్ళు రాయడానికి మీ ఎస్ఎస్‌డీ మీద ఆ పార్టిషనే లేదు. చాలామంది ఇక్కడే బూట్‌రెక్ అనే రిపేర్ టూల్ కమాండ్లు వరసపెట్టి కొడతారు, ఫిక్స్‌ఎంబీఆర్, ఫిక్స్‌బూట్, రీబిల్డ్ అంటూ. ఫిక్స్‌ఎంబీఆర్ పాతకాలం బూటింగ్‌కి సంబంధించింది, యూఈఎఫ్ఐ సిస్టమ్‌లో దానివల్ల ఒరిగేది లేదు, ఫిక్స్‌బూట్ కొడితే ఎక్కువసార్లు యాక్సెస్ డినైడ్ అని వస్తుంది, అది చూసి జనం ఇంకా హడలిపోతారు. వాటిని వదిలేయండి, మనకి కావాల్సింది బీసీడీబూట్ అనే ఒకే ఒక్క కమాండ్.

మొదటి పని, సిస్టమ్ ఆఫ్ చేసి పవర్ కేబుల్ తీసి పాత డిస్క్ ఎలా ఉండేదో అలాగే మళ్ళీ తగిలించండి, అదే సాటా పోర్టుకి (మదర్‌బోర్డు మీద దాని కేబుల్ తగిలే చోటు). మీరు దాన్ని ఫార్మాట్ చెయ్యలేదు, పక్కన పెట్టారు అన్నారు కదా, అది చాలా మంచి పని అయింది. ఆన్ చెయ్యండి. విండోస్ లేచిందంటే నేను చెప్పిందే కారణం, ఇంకో అనుమానం అక్కర్లేదు. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ అనేది తెరిచి చూస్తే మీకే కనిపిస్తుంది, పాత డిస్క్ మీద ఉన్న చిన్న పార్టిషన్ కింద ఈఎఫ్ఐ సిస్టమ్ అనో, వట్టి సిస్టమ్ అనో ఉంటుంది, ఎస్ఎస్‌డీ మీద సీ డ్రైవ్ కింద బూట్ అని ఉంటుంది. ఈ పేర్ల దగ్గర చాలామంది తికమక పడతారు, మైక్రోసాఫ్ట్ లెక్కలో విండోస్ ఫోల్డర్ ఉన్నదాన్ని బూట్ అంటారు, బూట్ ఫైళ్ళు ఉన్నదాన్ని సిస్టమ్ అంటారు, మనం అనుకునేదానికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. కాబట్టి సీ డ్రైవ్ కింద బూట్ అని ఉంది కదా అంతా దీని మీదే ఉంది అనుకుని పాత డిస్క్ తీసేస్తే ఇదిగో ఇలా అవుద్ది.

లేచింది కాబట్టి ముందు ముఖ్యమైన ఫైళ్ళు ఇంకో ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేస్కోండి. ఇది చెయ్యకుండా తర్వాతి లైన్‌కి వెళ్ళొద్దు. తర్వాత సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ బిట్‌లాకర్ గానీ (రెండూ డిస్క్‌లోని డేటాకి తాళం వేసేవే) ఆన్‌లో ఉందేమో చూడండి, ఉంటే 48 అంకెల రికవరీ కీ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన సిస్టమ్ అయితే ఎక్కువగా ఆ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది, ఫోన్‌లో తెరిచి అది కాగితం మీద రాసుకోండి, బిట్‌లాకర్‌ని సస్పెండ్‌లో పెట్టండి. బూట్ దగ్గర ఏం మారినా అది కీ అడుగుతుంది, కీ లేకపోతే లోపల డేటా ఎంత క్షేమంగా ఉన్నా మనకి అందదు, ఇందులో ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇప్పుడు విండోస్ కీతో పాటు ఆర్ నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టండి. అందులో బయోస్ మోడ్ అనే లైన్ ఉంటుంది, యూఈఎఫ్ఐ అని ఉంటే కింద చెప్పినట్టు చెయ్యండి, లెగసీ అని ఉంటే ఆగండి, దాని గురించి తర్వాత చెప్తా, దారి వేరు.

యూఈఎఫ్ఐ అయితే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి డిస్క్‌పార్ట్ అని కొట్టండి. లిస్ట్ డిస్క్ కొడితే డిస్కులు నంబర్లతో వస్తాయి, సైజు చూసి ఎస్ఎస్‌డీ ఏదో గుర్తుపట్టండి, దాని వరసలో చివర జీపీటీ (పార్టిషన్ల లెక్క రాసుకునే కొత్త పద్ధతి) కింద ఒక స్టార్ ఉండాలి. సెలెక్ట్ డిస్క్, స్పేస్ ఇచ్చి ఆ నంబర్. లిస్ట్ పార్టిషన్ కొట్టండి, అందులో మామూలుగా అన్నిటికంటే పెద్దది మీ సీ, సెలెక్ట్ పార్టిషన్ అని దాని నంబర్ ఇవ్వండి. తర్వాత ష్రింక్, స్పేస్, డిజైర్డ్ ఈక్వల్ టు 300, అంటే సీ చివర్లోంచి 300 ఎంబీ కోస్తున్నాం, ఫైళ్ళకి ఏమీ కాదు. ఆ తర్వాత క్రియేట్ పార్టిషన్ ఈఎఫ్ఐ, స్పేస్, సైజ్ ఈక్వల్ టు 260. 100 చాలదా అని అడుగుతారు, మామూలు డిస్క్‌కి చాలు, కానీ 4కే సెక్టార్ డిస్కుల (డేటాని 4 కేబీ ముక్కలుగా రాసేవి) మీద ఫ్యాట్32 అంత చిన్న పార్టిషన్‌లో పట్టదు, 260 ఇస్తే ఏ డిస్క్‌కైనా సరిపోతుంది. ఇక ఫార్మాట్, స్పేస్, క్విక్, స్పేస్, ఎఫ్ఎస్ ఈక్వల్ టు ఫ్యాట్32. ఇక్కడ ఫార్మాట్ అంటే ఇప్పుడు చేసిన ఆ చిన్న ముక్క మాత్రమే, అయినా సరే ఎంటర్ కొట్టే ముందు లిస్ట్ పార్టిషన్ ఇంకోసారి కొట్టి స్టార్ 260 ఎంబీ పక్కనే ఉందో లేదో కళ్ళతో చూసుకోండి. తర్వాత అసైన్, స్పేస్, లెటర్ ఈక్వల్ టు ఎస్. ఎగ్జిట్.

అసలు కమాండ్ ఇప్పుడు. బీసీడీబూట్, స్పేస్, సీ కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యూఈఎఫ్ఐ. సీలో ఉన్న విండోస్‌ని చూసి దానికి కావాల్సిన బూట్ ఫైళ్ళు ఎస్‌లో పెట్టు, కొత్తగా బీసీడీ కూడా రాయి అని దానర్థం. బూట్ ఫైళ్ళు సక్సెస్‌ఫుల్‌గా క్రియేట్ అయ్యాయి అని ఒక లైన్ వస్తే అయిపోయినట్టే. షట్‌డౌన్ చేసి, పవర్ తీసి, పాత డిస్క్ ఊడదీసి, మళ్ళీ ఆన్ చెయ్యండి. మొదటిసారి బయోస్‌లోకి వెళ్ళి బూట్ ఆర్డర్‌లో విండోస్ బూట్ మేనేజర్ అనేది పైన ఉందో లేదో చూడండి, ఒకవేళ అదే పేరుతో రెండు ఉంటే ఎస్ఎస్‌డీ పేరు పక్కన ఉన్నదాన్ని పైకి పెట్టండి.

పాత డిస్క్ తగిలించినా లేవలేదు అనుకోండి, లేదా ఇది చదివే ఇంకెవరైనా దాన్ని అప్పుడే ఫార్మాట్ చేసేశారు అనుకోండి, అప్పుడు కూడా ఇదే పని, కాకపోతే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి మొదటి స్క్రీన్ మీద షిఫ్ట్ ఎఫ్10 నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది, అక్కడ చెయ్యాలి. ఒక్క జాగ్రత్త, అక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోతాయి, మీ సీ కాస్తా డీ అనో ఈ అనో కనిపించొచ్చు. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొట్టి సైజు బట్టి పట్టుకుని, బయటికొచ్చి ఆ అక్షరం మీద డీఐఆర్ కొట్టి విండోస్ ఫోల్డర్ కళ్ళారా చూశాకే బీసీడీబూట్‌లో ఆ అక్షరం పెట్టండి.

ఈ నంబర్ల గురించి ఇంత పట్టు ఎందుకు పడుతున్నానో చెప్పాలి. చాలా ఏళ్ళ కింద మా బంధువుల సిస్టమ్ ఒకటి ఇలాగే బాగుచేస్తూ, పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేశాక డిస్క్ నంబర్లు తారుమారయ్యాయని చూసుకోకుండా, డిస్క్‌పార్ట్‌లో సెలెక్ట్ డిస్క్ 0 అని క్లీన్ కొట్టేశాను, దాని మీద విండోస్ కూడా వేసేశాను, తర్వాత తెలిసింది అది వాళ్ళ ఫొటోల డిస్క్ అని. క్లీన్ దగ్గరే ఆగి ఉంటే టెస్ట్‌డిస్క్ లాంటి టూల్‌తో పార్టిషన్లు తిరిగి తెచ్చేవాణ్ణి, ఎందుకంటే మామూలు క్లీన్ పార్టిషన్ల వివరాలు తుడుస్తుంది గానీ మొత్తం డేటాని చెరపదు. పైన విండోస్ రాయడం వల్ల సగం ఫొటోలు పోయాయి, వచ్చిన సగం కూడా పేర్లు లేకుండా వచ్చాయి. ఆ ఇంట్లో వాళ్ళ మొహాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. డిస్క్ మార్చాక బూట్ అవ్వకపోతే దాదాపు ప్రతిసారీ డేటా క్షేమంగానే ఉంటుంది, దాన్ని పోగొట్టేది ఆ తర్వాత కంగారులో మనం చేసే పనులే. ఈ డిస్క్ ఫార్మాట్ చెయ్యాలి అని విండోస్ అడిగినా, డిస్క్ ఇనిషియలైజ్ చెయ్యనా అని అడిగినా, క్యాన్సిల్ కొట్టండి.

లెగసీ అని వచ్చినవాళ్ళ సంగతి. అంటే మీ విండోస్ పాత పద్ధతిలో, ఎంబీఆర్ డిస్క్ మీద ఉంది. ఎంబీఆర్ అంటే డిస్క్ మొదట్లో ఉండే 512 బైట్ల సెక్టార్, అందులో బూట్ కోడ్, నాలుగు పార్టిషన్ల పట్టిక ఉంటాయి. ఇందులో చిక్కేంటంటే చాలా మదర్‌బోర్డులు లెగసీ మోడ్‌లో ఎన్‌వీఎంఈ నుంచి బూట్ చెయ్యలేవు. మదర్‌బోర్డుకి యూఈఎఫ్ఐ ఉంటే జీపీటీకి మార్చేసుకోవడమే మంచిది, విండోస్ 10 1703 వెర్షన్ నుంచి ఎంబీఆర్‌2జీపీటీ అనే టూల్ విండోస్‌తోనే వస్తోంది, డేటా పోకుండా మారుస్తుంది, ఈఎఫ్ఐ పార్టిషన్ కూడా అదే చేస్తుంది. అయినా బ్యాకప్ లేకుండా ముట్టుకోవద్దు. దీనికి కొన్ని షరతులు ఉన్నాయి, ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించకూడదు, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉండకూడదు, ఒక పార్టిషన్ యాక్టివ్‌గా ఉండి దాంట్లో బీసీడీ ఉండాలి. ఈ చివరిదే మీలాంటి వాళ్ళ దగ్గర ఫెయిల్ అవుద్ది, ఎందుకంటే బీసీడీ పాత డిస్క్ మీద ఉంది. కాబట్టి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి, ముందు డిస్క్‌పార్ట్‌లో విండోస్ పార్టిషన్ సెలెక్ట్ చేసి యాక్టివ్ అని కొట్టి, బీసీడీబూట్‌లో స్లాష్ ఎస్ తర్వాత కూడా ఆ పార్టిషన్ అక్షరమే ఇచ్చి, చివర యూఈఎఫ్ఐ బదులు బయోస్ అని పెట్టండి, అది అయ్యాక ఎంబీఆర్‌2జీపీటీ, స్పేస్, స్లాష్ వాలిడేట్, స్పేస్, స్లాష్ డిస్క్ కోలన్ నంబర్. వాలిడేషన్ పాస్ అయితేనే వాలిడేట్ బదులు కన్వర్ట్ పెట్టి మళ్ళీ కొట్టండి. అయ్యాక బయోస్‌లో సీఎస్ఎం (పాత లెగసీ బూటింగ్‌ని నడిపే సెట్టింగ్) ఆఫ్ చేసి యూఈఎఫ్ఐకి మార్చండి, మార్చకపోతే మళ్ళీ అదే నల్ల స్క్రీన్.

మీది కాకపోయినా డిస్క్ మార్పుల తర్వాత వచ్చే మిగతావి కూడా చెప్తా, ఎందుకంటే అందరూ ఒకే మాట అంటారు, బూట్ అవ్వట్లేదు అని, కానీ ఎక్కడ ఆగిందో బట్టి జబ్బు వేరు. అసలు డిస్‌ప్లేనే రాకపోతే డిస్క్ గురించి ఆలోచించడం దండగ, డిస్క్ పెట్టేటప్పుడు చెయ్యి తగిలి ర్యామ్ కదిలి ఉండొచ్చు, తీసి మళ్ళీ గట్టిగా పెట్టండి. డిస్‌ప్లే వచ్చి బయోస్‌లో డిస్క్ పేరే లేకపోతే అది విండోస్ సమస్య కాదు. ఎం.2 స్లాట్‌లో (మదర్‌బోర్డు మీద చిన్న ఎస్ఎస్‌డీ పెట్టే చోటు) పట్టినంత మాత్రాన అన్నీ ఒకటి కాదు, కొన్ని స్లాట్లు ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకుంటాయి, కొన్ని సాటా ఎం.2 మాత్రమే. ఇంకోటి చాలామందికి తెలియనిది, కొన్ని బోర్డుల్లో ఎం.2లో డిస్క్ పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి, రెండిటికీ లైన్లు ఒకటే కాబట్టి, అప్పుడు నిన్నటిదాకా నడిచిన పాత డిస్క్ మాయమవుతుంది. కేబుల్ ఇంకో పోర్టుకి మారిస్తే వచ్చేస్తుంది, మదర్‌బోర్డు మాన్యువల్‌లో ఏ పోర్టో రాసి ఉంటుంది.

విండోస్ లోగో వచ్చి చుక్కలు తిరిగి ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అని బ్లూ స్క్రీన్ వస్తే బూట్ ఫైళ్ళు బానే ఉన్నట్టు, విండోస్ లేచింది గానీ తను ఉన్న డిస్క్‌ని తనే చదవలేకపోతోంది. ఎక్కువగా బయోస్‌లో స్టోరేజ్ మోడ్ మారడం వల్ల వస్తుంది, ఏహెచ్‌సీఐ కాస్తా రెయిడ్ అవ్వడం, ఇంటెల్ వాటిల్లో వీఎండీ అనే సెట్టింగ్ ఆన్ ఆఫ్ అవ్వడం. నేను ఏం మార్చలేదు అంటారు, కానీ బయోస్ రీసెట్ చేసినా బోర్డు మీద సెల్ తీసి పెట్టినా అది తనంతట తనే డిఫాల్ట్‌కి పోతుంది. మునుపు ఎలా ఉందో అలా పెట్టండి, లేచిపోతుంది. నిజంగా మార్చాలనుకుంటే పాత మోడ్‌లో లేచి, ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేచాక టిక్ తీసేయండి, ఆ ఒక్కసారిలో కావాల్సిన డ్రైవర్ ఎక్కుతుంది.

క్లోన్ (పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాని మీదకి కాపీ) చేసినవాళ్ళు మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ తప్పకుండా తీసేసి చెయ్యండి. క్లోన్ అంటే గుర్తింపు నంబర్లు కూడా అవే ఉండొచ్చు, ఒకే గుర్తుతో రెండు డిస్కులు కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేసేస్తుంది, లేదా కొత్తదాని నుంచి లేచానని మీరు అనుకుంటూ పాతదాని మీదే పని చేస్తుంటారు.

లినక్స్ వాళ్ళకి, పాత డిస్క్ తీశాక బూట్ మధ్యలో 90 సెకన్లు లెక్కపెట్టి ఎమర్జెన్సీ మోడ్‌లో పడితే కంగారు వద్దు, బూట్‌లో ఏ డిస్కులు తగిలించాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ డిస్క్ యూయూఐడీ (గుర్తింపు నంబర్) ఇంకా ఉంది, రూట్ పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యి ఆ లైన్ ముందు హ్యాష్ పెట్టి రీబూట్ చెయ్యండి, ఎప్పుడైనా తీసి పెట్టే డిస్క్ అయితే ఆప్షన్లలో నోఫెయిల్ చేర్చండి. విండోస్‌లోంచి లినక్స్ పార్టిషన్ డిలీట్ చేశాక గ్రబ్ రెస్క్యూ (గ్రబ్ అంటే లినక్స్‌ని లేపే ప్రోగ్రామ్) అని వస్తే విండోస్ ఎక్కడికీ పోలేదు, గ్రబ్‌కి కావాల్సిన ఫైళ్ళు మీరు డిలీట్ చేసినదాంట్లో ఉండేవి, బయోస్ బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకుంటే నేరుగా లేస్తుంది.

మళ్ళీ మీ దగ్గరికి వస్తే, ఆ పాత డిస్క్ సౌండ్ చేస్తోంది అన్నారు, అది నన్ను కాస్త ఆలోచనలో పడేసింది. టిక్ టిక్ అని కొట్టుకునే శబ్దం అయితే దాని రోజులు దగ్గరపడ్డట్టే, కాబట్టి దాన్ని మళ్ళీ తగిలించినప్పుడు ముందు దాంట్లో ఉన్న అవసరమైనవి కాపీ చేస్కోండి, తర్వాతే పైన చెప్పిన పని. దాని మీద చెక్‌డిస్క్ (విండోస్‌లో డిస్క్ తప్పులు వెతికే టూల్) నడపొద్దు, చచ్చిపోయే డిస్క్‌ని అది ఇంకా పరిగెత్తిస్తుంది. డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫోలో రీఅలొకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (పాడైన, పాడయ్యాయని అనుమానమున్న చోట్ల) లైన్లు చూడండి, రెండిట్లో ఏ ఒక్కటి సున్నా కాకపోయినా, నంబర్ రోజురోజుకీ పెరుగుతున్నా ఇక దాన్ని నమ్మొద్దు. ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంచి ఒక వారం వాడాకే పాతదాన్ని ఫార్మాట్ చెయ్యడం గురించి ఆలోచించండి, అప్పటిదాకా దాన్ని చెరపకుండా పక్కన ఉంచండి, పాత బూట్ ఫైళ్ళు అందులో ఉన్నాయి.

బీసీడీబూట్ కొట్టాక ఏదైనా ఎర్రర్ వస్తే ఇంకో కమాండ్ కొట్టకుండా అక్కడే ఆగండి. లిస్ట్ డిస్క్, లిస్ట్ వాల్యూమ్ రెండిటి ఫొటో, ఎర్రర్ లైన్ ఫొటో పెట్టండి, ఎంఎస్ఇన్ఫోలో బయోస్ మోడ్ ఏమని ఉందో కూడా రాయండి, చూసి చెప్తా.